ఇంటెల్ నుంచి ఎం1కు: నల్లగొండ డీటీపీ దుకాణంలో మ్యాక్‌బుక్ ఎయిర్, దీర్ఘకాలిక వాడకం తర్వాత సమీక్ష

ఆపిల్ సంస్థ తన మ్యాక్ కంప్యూటర్లలో ఇంటెల్ ప్రాసెసర్లను వదిలిపెట్టి, తాను రూపొందించుకున్న ప్రాసెసర్లను వాడబోతున్నట్టు 2020 జూన్ 22న ప్రకటించినప్పుడు వచ్చిన వ్యాఖ్యానాల్లో ఎక్కువ భాగం వేగం గురించీ, దాన్ని కొలిచే బెంచ్‌మార్క్ పరీక్షల అంకెల గురించీ సాగింది. నల్లగొండలో పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, అప్పుడప్పుడు పుస్తకాలు కంప్యూటర్ మీద కంపోజ్ చేసి (దీన్నే డీటీపీ అంటాం) బతికే నాలాంటి వారికి అసలు ప్రశ్న అది కాదు. ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న ఫైళ్లు, ఫాంట్లు, ప్రింటర్లు, సాఫ్ట్‌వేర్ ఈ మార్పును దాటి అవతలి ఒడ్డుకు వస్తాయా, రాకపోతే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది అన్నదే మా ప్రశ్న. అంతకుముందు ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న 2017 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్ వాడి, ఆ తర్వాత 16 జీబీ మెమరీ, ఆపిల్ సొంత చిప్ ఎం1 ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌కు మారి, అప్పటి నుంచి రోజూ దుకాణంలో దానితోనే పని చేస్తున్నాను. కాబట్టి ఈ సమీక్ష యంత్రం గురించి ఎంతో, దాని వెనుక ఉన్న నిర్ణయం గురించి కూడా అంతే.

ముందుగా యంత్రం వివరాలు క్లుప్తంగా చెబుతాను. ఎం1 చిప్‌ను ఆపిల్ 2020 నవంబరు 10న మ్యాక్‌బుక్ ఎయిర్, 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, మ్యాక్ మినీలతో పాటు ప్రకటించింది. తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ దీన్ని 5 నానోమీటర్ల పద్ధతిలో (సాధారణంగా ఈ అంకె చిన్నదైన కొద్దీ చిప్ తక్కువ కరెంటుతో పని చేస్తుంది) తయారు చేసింది. ఇందులో 1600 కోట్ల ట్రాన్సిస్టర్లు, ఎనిమిది కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్నాయి. ఆ ఎనిమిదిలో నాలుగు బరువు పనులకు, నాలుగు తక్కువ కరెంటుతో సాగే చిన్న పనులకు కేటాయించినవి. మన దేశంలో ఎయిర్ ప్రారంభ ధర రూ.92,900. దీని బరువు 1.29 కిలోలు, ఛార్జర్ 30 వాట్లది. లోపల ఫ్యాన్ లేదు. ఈ చివరి వాక్యాన్ని మా జిల్లా వేసవి తెలిసినవారు మరోసారి చదువుకోవాలి, ఎందుకంటే నేను కొనడానికి ఎక్కువగా తటపటాయించింది దాని గురించే.

రామగిరి వైపు ఉన్న మా దుకాణం పైకప్పు రేకులది. ఏప్రిల్ రెండో వారం దాటిందంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర వరకు కూలర్ ఎంత తిరిగినా గది వేడి తగ్గదు. బయట 43, 44 డిగ్రీలు ఉన్న రోజులు నల్లగొండకు కొత్త కాదు. ఈ కంప్యూటర్‌ను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఆపిల్ తన వివరాల పత్రంలోనే రాసింది. ఆ లెక్కన మే నెలలో మా ఊళ్లో ఏసీ లేని ఏ దుకాణంలోనూ దీన్ని తెరవకూడదు. ఫ్యాన్ లేని యంత్రం వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, వేరే దారి దానికి లేదు. కాబట్టి ప్రశ్న వేగం తగ్గుతుందా అన్నది కాదు, ఎంత పనికి తగ్గుతుంది, తగ్గినా పని జరుగుతుందా అన్నది.

నా అనుభవంలో కంపోజింగ్, పేజీల కూర్పు, పీడీఎఫ్ తయారీ వంటి మామూలు పనుల్లో ఎండాకాలంలోనూ తేడా కనిపించలేదు. రెండు వందల పేజీల పుస్తకాన్ని ప్రెస్‌కు పంపే పీడీఎఫ్‌గా మార్చే పని పాత యంత్రంలో మొదలైన కాసేపటికే ఫ్యాన్ చప్పుడు వినిపించేది, మీటల పైవరుస దగ్గర వేలికి వేడి తగిలేది. ఇక్కడ అదే పని చప్పుడు లేకుండా, అడుగుభాగం గోరువెచ్చగా అయ్యేలోపే పూర్తవుతుంది. తేడా తెలిసేది పెద్ద ఫ్లెక్సీల దగ్గర. ఇరవై అడుగుల ఫ్లెక్సీలో ముప్పై మంది నాయకుల ఫొటోలు, ఒక్కొక్కటీ కత్తిరించి, నీడ వేసి, పొరలు పొరలుగా పేర్చిన ఫైళ్లను వరుసగా ఎగుమతి చేస్తున్నప్పుడు మే నెల మధ్యాహ్నం మొదటి రెండు మూడు ఫైళ్లకు ఉన్న చురుకు తర్వాతి వాటికి ఉండదు. తెల్లవారుజామున అదే పని చేస్తే ఆ తేడా దాదాపు మాయమవుతుంది. ఇది లోపమని నేను అనను. ఫ్యాన్ తీసేసినందుకు చెల్లించే మూల్యం ఇది, దాన్ని తెలిసే కొనాలి. ఫ్యాన్ లేకపోవడం వల్ల ఒక లాభం కూడా ఉంది. రోడ్డు దుమ్ము, పక్క కొట్టు పిండిమర దుమ్ము లోపలికి పీల్చుకునే మార్గం లేదు కాబట్టి, వెనుక మూత విప్పి బ్రష్‌తో శుభ్రం చేయించే పని తప్పింది.

2022 నవంబరు 3న పోలింగ్ జరిగిన మునుగోడు ఉప ఎన్నిక ముందు వారాలు ఈ యంత్రానికి నేను పెట్టిన అసలైన పరీక్ష. చౌటుప్పల్, చండూరు, మునుగోడు మండలాల నుంచి రోజూ అర్ధరాత్రి దాకా గిరాకి ఉండేది. ఒకే నమూనాను ఊరి పేరు, స్థానిక నాయకుల ఫొటోలు మార్చి పదుల సంఖ్యలో చేయాల్సి వచ్చేది. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు ఉండి తీరాలన్నది ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ పెట్టిన నియమం కాబట్టి, ఆ చిన్న పంక్తిని ప్రతి ఫైలులోనూ సరిచూసుకోవాలి. ఫొటోషాప్‌లో నాలుగైదు పెద్ద ఫైళ్లు, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో కరపత్రం, బ్రౌజర్‌లో గిరాకీదారులు వాట్సాప్‌లో పంపుతున్న ఫొటోలు, ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉన్నా ఒక కిటికీ నుంచి మరొక కిటికీకి మారడంలో తడబాటు లేదు. 16 జీబీ మెమరీ ఆ రోజుల్లో దాదాపు నిండుగానే ఉండేది. ఎం1లో మెమరీ చిప్‌తో కలిసి ఒకే ప్యాకేజీలో ఉంటుంది, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ అదే ఉమ్మడి నిల్వ. దాని వల్ల వేగం పెరుగుతుంది, కానీ తర్వాత ఒక్క జీబీ కూడా కలపలేరు. ఫ్లెక్సీల పని చేసేవారికి 8 జీబీ రకం సరిపోదు. కొనేనాడు చేసిన నిర్ణయమే యంత్రం ఉన్నంత కాలం నిలుస్తుంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. దుకాణంలో ఉన్న డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంది. కరెంటు పోగానే అది కూతలు మొదలుపెడుతుంది, ఉన్నదంతా సేవ్ చేసి ఆపడానికి మాత్రమే అది ఇచ్చే సమయం పనికొస్తుంది. ఈదురుగాలుల కాలంలో చెట్టు కొమ్మ తీగల మీద పడితే లైను ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎం1 ఎయిర్‌తో ఆ భయం పోయింది. ఉదయం నిండుగా ఛార్జ్ చేసి కూర్చుంటే కంపోజింగ్ పని సాయంత్రం దాకా సాగేది. ఇన్నేళ్ల వాడకం తర్వాత ఆ సత్తువ కొంత తగ్గిన మాట నిజమే అయినా, మధ్యాహ్న భోజనం దాటే వరకు ఇప్పటికీ ఛార్జర్ గుర్తుకు రాదు. పుస్తక రచయితల ఇంటికే వెళ్లి, పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దుకొని రావడం దీనివల్లనే వీలైంది. దేవరకొండ వైపు ఒక విశ్రాంత తెలుగు పంతులు గారి ఊరి చరిత్ర పుస్తకం మొత్తం ఆయన వరండాలోనే దిద్దాము. ఛార్జర్ సంచిలోంచి తీయలేదు.

ఇంత తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే నిర్ణయం కూడా అర్థమవుతుంది. నా పాత ఎయిర్‌లో ఉన్నది ఐదో తరం ఇంటెల్ ప్రాసెసర్, 14 నానోమీటర్ల పద్ధతిలో చేసినది. ఆ పద్ధతి 2014లో మార్కెట్‌లోకి వచ్చింది. దాని తర్వాత రావలసిన 10 నానోమీటర్ల పద్ధతి ఇంటెల్‌కు ఏళ్ల తరబడి ఆలస్యమైంది. లోపల ఏ ప్రాసెసర్ ఉంటుంది, అది ఎప్పుడు వస్తుంది, ఎంత వేడి పుట్టిస్తుంది అన్నవన్నీ ఇంటెల్ చేతిలో ఉన్నప్పుడు, లాప్‌టాప్ ఎంత పలుచగా చేయాలన్నది ఆపిల్ చేతిలో పూర్తిగా ఉన్నట్టు కాదు. పొరుగువాని బోరు నీళ్లతో పొలం పారించుకొనే రైతుకు నాట్ల తేదీ తన ఇష్టం కానట్టే ఇదీ. మరోవైపు ఆపిల్ 2008లోనే పీ.ఏ. సెమీ అనే చిప్ రూపకల్పన సంస్థను కొనుక్కొని, 2010లో ఏ4తో మొదలుపెట్టి, ఫోన్లకు ఏటా కొత్త చిప్ తయారు చేయించుకుంటూ వచ్చింది. 2013లో ఏ7తో ఫోన్‌లోకి 64 బిట్ ప్రాసెసర్ తెచ్చింది. అంటే 2020 నాటి ప్రకటన ఒక్కరోజులో పుట్టింది కాదు. పదేళ్ల పాటు ఫోన్ల మీద నేర్చుకున్న విద్యను లాప్‌టాప్‌లోకి తెచ్చారు. అయితే తయారీ మాత్రం ఇప్పటికీ బయటిదే. రూపకల్పన సొంతం, కార్ఖానా టీఎస్‌ఎంసీది. ఇంటెల్ రెండు పనులూ తానే చేసేది, ఇప్పుడు ఆ రెండింటినీ విడదీశారు. సరఫరాదారు మీద ఆధారపడటం పోయిందని చెప్పేవారు ఈ సగాన్ని మరిచిపోతున్నారు.

ఇలా మారడం ఆపిల్‌కు ఇది మొదటిసారి కాదు. 1984లో వచ్చిన మొదటి మ్యాక్‌లో మోటరోలా 68000 ఉండేది. 1994లో ఐబీఎం, మోటరోలాలతో కలిసి రూపొందించిన పవర్‌పీసీకి మారింది. 2005 జూన్ 6న స్టీవ్ జాబ్స్ ఇంటెల్‌కు మారుతున్నట్టు ప్రకటించాడు. 3 గిగాహెర్ట్జ్ వేగంతో జీ5 అనే పవర్‌పీసీ చిప్ ఇస్తామని 2003లో చెప్పి ఇవ్వలేకపోయామని, జీ5ను లాప్‌టాప్‌లో పెట్టలేకపోయామని ఆయన ఆ వేదిక మీదే ఒప్పుకున్నాడు. ఒక వాట్ కరెంటుకు ఎంత పని అన్నదే ఆనాడు ఆయన చూపించిన లెక్క. పదిహేనేళ్ల తర్వాత అదే లెక్క ఇంటెల్‌కు ఎదురు తిరిగింది.

మా వృత్తికి ఈ చరిత్రలో ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. తెలుగు డీటీపీ దుకాణాలన్నీ ఏళ్ల తరబడి బతికింది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఆ పేజ్‌మేకర్‌ను ఆల్డస్ సంస్థ 1985లో మొదట తెచ్చింది మ్యాక్ కోసమే. ఆల్డస్‌ను అడోబీ 1994లో కలుపుకొంది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 చివరిది. అది మ్యాక్ మీద పాత వ్యవస్థను అనుకరించే క్లాసిక్ అనే ఏర్పాటులో మాత్రమే నడిచేది. 2006లో వచ్చిన ఇంటెల్ మ్యాక్‌లలో ఆ క్లాసిక్ లేదు. ఆ ఒక్క మార్పుతో, మ్యాక్ మీద పుట్టిన పేజ్‌మేకర్‌కు కొత్త మ్యాక్‌లలో చోటు లేకుండా పోయింది. కానీ అదే ఏడాది ఆపిల్ బూట్ క్యాంప్ ఇచ్చింది, దానితో మ్యాక్‌లోనే విండోస్ వేసుకొని, విండోస్ పేజ్‌మేకర్‌ను వాడుకునే దొడ్డిదారి దొరికింది. నా పాత ఎయిర్‌లో నేను చేసింది సరిగ్గా అదే. పగలు సగం విండోస్‌లో పాత తెలుగు ఫాంట్లతో పేజ్‌మేకర్, మిగతా సగం మ్యాక్‌లో ఫొటోషాప్, ఇన్‌డిజైన్. ఎం1తో బూట్ క్యాంప్ కూడా పోయింది. ఆపిల్ చిప్ ఉన్న ఏ మ్యాక్‌లోనూ అది లేదు.

అంటే రెండుసార్లు సరఫరాదారు మారితే రెండుసార్లూ తెలుగు డీటీపీకి ఏదో ఒక తలుపు మూసుకుంది. ఈ సంగతి బెంచ్‌మార్క్ రాసేవారెవరికీ తట్టదు. వారి యంత్రాల్లో పేజ్‌మేకర్ ఉండదు.

దీనికి ప్రత్యామ్నాయం వెతకడంలో నాకు చాలా సమయం పట్టింది. పారలల్స్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఎం1 మీద విండోస్ 11 ఏఆర్‌ఎం రకాన్ని (ఏఆర్‌ఎం అంటే ఎం1 చిప్ జాతి) నడపవచ్చు. 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ దీన్ని అధికారికంగా ఆమోదించింది కూడా. ఆ విండోస్, పాత 32 బిట్ ఇంటెల్ ప్రోగ్రాములను తనలో తాను అనువదించుకొని నడుపుతుంది. కానీ అది ప్రోగ్రాములకే పరిమితం, పరికరాలను కంప్యూటర్‌తో మాట్లాడించే డ్రైవర్లకు వర్తించదు. డ్రైవర్ ఏఆర్‌ఎం కోసమే రాసి ఉండాలి. నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ లాక్ ఉంది. దుకాణాల్లో డాంగిల్ అంటాం. అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది, దానికి సొంత డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్‌కు ఏఆర్‌ఎం రూపం లేదు. ఆకుపచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, తెర మీద మాత్రం లాక్ దొరకలేదన్న సందేశమే వస్తుంది. అమ్మినవారిని అడిగితే కొత్త రకం కొనుక్కోమన్నారు. డబ్బు కట్టి కొన్న లైసెన్సు చేతిలోనే ఉంది, దాన్ని గుర్తించే యంత్రం మాత్రం మారిపోయింది. పాత డెస్క్‌టాప్‌ను అమ్మకుండా మూలన ఉంచుకోవలసి రావడానికి మొదటి కారణం ఇదే.

రేడియం స్టిక్కర్లు కోసే ప్లాటర్ దగ్గర కూడా ఇలాంటి చిక్కే వచ్చింది. ఇంటెల్ ప్రోగ్రాములను ఎం1 మీద నడిపించే రోసెట్టా 2, వ్యవస్థ లోపలి పొరల్లో కూర్చునే కెర్నల్ ఎక్స్‌టెన్షన్లను అనువదించదు. ప్లాటర్‌కు ఉన్నది అలాంటి డ్రైవరే. దాన్ని కూడా డెస్క్‌టాప్‌కే తగిలించాను. ప్రింటర్ల విషయంలో మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. లేజర్ ప్రింటర్ తొలిరోజునే పలికింది.

రోసెట్టా 2 గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఈ మొత్తం మార్పులో ఆపిల్ వినియోగదారుడి తరఫున మోసిన బరువు అదే. ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను మొదటిసారి తెరిచేటప్పుడు, లేదా స్థాపించేటప్పుడే, అది మొత్తం కోడ్‌ను ఎం1 భాషలోకి తర్జుమా చేసి పెట్టుకుంటుంది. నడుస్తున్నప్పుడు అప్పటికప్పుడు పుట్టే కోడ్‌ను మాత్రం అప్పుడే తర్జుమా చేస్తుంది. ఫొటోషాప్ ఎం1 రూపం 2021 మార్చిలో, ఇన్‌డిజైన్ ఎం1 రూపం 2021 జూన్‌లో వచ్చాయి. అప్పటివరకు నేను వాడినవి ఇంటెల్ రూపాలే. మొదటిసారి తెరిచినప్పుడు ఐకాన్ ఎగురుతూ కాసేపు నిలబెడుతుంది, రెండోసారి నుంచి మామూలే. అనువాదం మీద నడుస్తున్నా పాత ఎయిర్ కన్నా ఎక్కడా వెనుకబడలేదు.

ఇంత నేర్పు సాఫ్ట్‌వేర్ ఒక్కదానితో రాలేదు. ప్రోగ్రామ్‌లోని ఒక భాగం మెమరీలో రాసిన వాటిని మరొక భాగం ఏ వరుసలో చూడాలన్న విషయంలో ఇంటెల్ ప్రాసెసర్లది కఠినమైన నియమం, ఏఆర్‌ఎంది సడలింపు ఉన్న నియమం. ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌తో సర్దితే ప్రతి అడుగులోనూ ఆలస్యం అవుతుంది. ఆపిల్ తన చిప్‌లోనే, అవసరమైనప్పుడు ఇంటెల్ తరహా వరుసను పాటించే ఏర్పాటు పెట్టింది. చిప్ తనది కాబట్టే ఇది సాధ్యమైంది. వదిలేస్తున్న సరఫరాదారు అలవాట్లను కొత్త చిప్‌లో కొన్నాళ్ల పాటు భరించడం, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తెలివైన పని. దీన్ని ప్రకటనల్లో ఎక్కడా చెప్పుకోలేదు.

అయితే రోసెట్టా కింద నడిచే ప్రోగ్రామ్‌కు ఒక షరతు ఉంది. ప్లగిన్ (ప్రోగ్రామ్‌కు తగిలించే చిన్న అదనపు సాధనం), దాన్ని పట్టుకునే ప్రోగ్రామ్ రెండూ ఒకే జాతివై ఉండాలి. ఫొటోషాప్ ఎం1 రూపానికి మారగానే, పెండ్లి ఆల్బమ్‌ల కోసం వాడే ఒక పాత ఇంటెల్ ప్లగిన్ జాబితాలోంచి మాయమైంది. ఫైండర్‌లో ప్రోగ్రామ్ వివరాలు తెరిచి, రోసెట్టాతో తెరవమనే గడిలో టిక్కు పెడితే అది తిరిగి వస్తుంది, కానీ అప్పుడు ఫొటోషాప్ మొత్తం అనువాదంలోనే నడుస్తుంది. ఆ ప్లగిన్‌కు కొత్త రూపం వచ్చే వరకు ఆల్బమ్ పని ఉన్నప్పుడు టిక్కు పెట్టడం, అయిపోయాక తీయడం అలవాటు చేసుకున్నాను.

ఇక తెలుగు సంగతి. బూట్ క్యాంప్ పోవడంతో పాత ఫాంట్లను వదిలి, అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి యూనికోడ్‌కు మారక తప్పలేదు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉన్నా, ముద్రణ రంగం దాన్ని చాలాకాలం దగ్గరకు రానివ్వలేదు. అందుకు కారణాలూ ఉన్నాయి. పాత ఫాంట్లలో ఉన్న అక్షర వైవిధ్యం, శుభలేఖకు ఒకటి, వార్తకు ఒకటి, శీర్షికకు ఒకటి చొప్పున ఎంచుకునే వీలు, యూనికోడ్‌లో అప్పట్లో లేవు. ఇప్పుడు పరిస్థితి మారింది. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన సురవరం, ఇవన్నీ నేను రోజూ వాడుతున్నాను. సురవరం అక్షరం పెండ్లి పత్రిక మీద పేర్లకు చక్కగా నప్పుతుంది. మ్యాక్‌లో సిద్ధంగా వచ్చే కోహినూర్ తెలుగు తెర మీద చదవడానికి బాగుంటుంది, పుస్తకం అచ్చుకు నాకు నచ్చదు, గీతలు మరీ ఒకే మందంలో ఉంటాయి.

ఇన్‌డిజైన్‌లో తెలుగు కూర్చేవారు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే వత్తులు అక్షరం కిందికి రాకుండా పొల్లుతో విడివిడిగా నిలబడతాయి. పాత ఫైళ్లను మార్చే పనికి ఓపిక కావాలి. పాత ఫాంట్లలో ప్రతి గీతకూ ఒక మీట ఉండేది, అక్షరం అనే భావనే ఉండేది కాదు. కాబట్టి మార్పిడి సాధనం గీతలను చూసి అక్షరాలను ఊహించాలి. ‘ప్రభుత్వం’ అన్న చోట క్రారవడి దాని ముందున్న అక్షరానికి అంటుకొని రావడం, కొటేషన్ గుర్తుల స్థానంలో ఏదో ఒక వత్తు ప్రత్యక్షం కావడం వంటివి పేజీ పేజీకీ కనిపిస్తాయి. చెర్వుగట్టు జాతర కరపత్రం ఏటా కొద్ది మార్పులతో అచ్చయ్యేది కాబట్టి దాన్ని మార్చడం కన్నా కొత్తగా టైపు చేయడమే సులువైంది. పుస్తకాలకు ఆ మాట చెల్లదు. నాలుగు వందల పేజీల పుస్తకం రెండో ముద్రణకు వస్తే మార్పిడి, ప్రూఫు, మళ్లీ ప్రూఫు తప్పవు, ఆ కూలి రచయిత ఇవ్వడు.

దీనికి బదులుగా దక్కినదేమిటంటే, ఒకసారి యూనికోడ్‌లోకి వచ్చిన పాఠం ఇక ఏ యంత్రానికీ కట్టుబడి ఉండదు. రచయిత ఫోన్‌లో టైపు చేసి పంపిన వ్యాసం నేరుగా పేజీలో పడుతుంది. దిద్దుబాట్లు వాట్సాప్‌లో అక్షరాలుగా వస్తాయి, ఫొటోలుగా రానక్కర లేదు. ఈ మేలు ఆపిల్ ఉద్దేశించింది కాదు, మా పాత దారి మూసుకుపోవడం వల్ల జరిగింది. కొనేనాటికి ఎవరూ నాకు ఇది చెప్పలేదు.

మిగతా విషయాలు త్వరగా. పాత ఎయిర్‌లో ఉన్న ఎస్‌డీ కార్డు గంటు, పెద్ద యూఎస్‌బీ గంట్లు ఇందులో లేవు. ఉన్నవి రెండు టైప్ సి గంట్లు. ఫొటోగ్రాఫర్లు కార్డులు తెచ్చి ఇచ్చే దుకాణంలో హబ్ లేకుండా పని జరగదు. మొదట కొన్న చవక హబ్ ఎండాకాలంలో చేయి పెట్టలేనంత వేడెక్కి, కార్డు కాపీ అవుతుండగానే తెగిపోయేది. మంచిది కొన్నాక ఆ బాధ లేదు. బయటి తెర ఒక్కదాన్నే తగిలించవచ్చు, రెండు తెరలు కావలసినవారు ఈ చిప్ వైపు చూడకూడదు. తెర 2560 గుణకం 1600 చుక్కలది, పాతదాని 1440 గుణకం 900తో పోలిస్తే చిన్న అక్షరాల వత్తులు స్పష్టంగా కనిపిస్తాయి, ప్రూఫు దిద్దేవారికి ఇదే పెద్ద వరం. సర్వీసు కోసం నేను వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కే వెళ్లాను.

సరఫరాదారు మార్పును 2006 నాటి దానితో పోల్చి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆనాడు 2007 చివరికి పూర్తి చేస్తామని చెప్పి 2006 ఆగస్టుకే యంత్రాలన్నీ మార్చేశారు. కానీ 2009లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ స్నో లెపర్డ్ పవర్‌పీసీ యంత్రాల మీద ఎక్కదు. చివరి జీ5 కొన్నవారికి మూడేళ్లలో తలుపు మూసుకుంది. పవర్‌పీసీ ప్రోగ్రాములను ఇంటెల్ మీద నడిపించిన మొదటి రోసెట్టాను 2011లో లయన్ అనే సిస్టమ్‌తో తీసేశారు. ఈసారి రెండేళ్లలో పూర్తి చేస్తామన్నది 2023 జూన్‌లో మ్యాక్ ప్రో వచ్చేదాకా సాగింది. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26 టాహో చివరిదని 2025 జూన్‌లో ప్రకటించారు, అది కూడా కొన్ని ఎంపిక చేసిన నమూనాలకే. రోసెట్టా 2 మ్యాక్‌ఓఎస్ 27 వరకు ఉంటుందని, ఆ తర్వాత కొన్ని పాత ఆటలకు అవసరమైన భాగమే మిగులుతుందని చెప్పారు. ముందుగా తేదీ చెప్పడం మంచిదే. మొదటిసారి కన్నా గడువు కూడా ఎక్కువ. కానీ అమెరికాలో ఏటా సాఫ్ట్‌వేర్ చందా కట్టేవాడికి ఈ గడువు పెద్ద విషయం కాదు. ఒకసారి కొన్న సాఫ్ట్‌వేర్‌ను పదిహేనేళ్లు వాడే మా దుకాణాలకు మాత్రం అది లెక్కలోకి వస్తుంది. 2019లో కాటలీనా అనే మ్యాక్ సిస్టమ్‌తో 32 బిట్ ప్రోగ్రాములను తీసేసినప్పుడే, చిప్ మార్పుకు ఏడాది ముందే, ఈ ఏరివేత మొదలైంది.

కాబట్టి ఇప్పటికీ ఎం1 మ్యాక్ వాడుతున్నవారు ఒక పని చేయాలి. యాక్టివిటీ మానిటర్ తెరిచి, సీపీయూ పట్టికలో కైండ్ అనే నిలువు వరుసను చూపించమనండి. అక్కడ ఏ ప్రోగ్రామ్ ఎదురుగా ఇంటెల్ అని ఉంటే అది రోసెట్టా మీద బతుకుతున్నట్టు. నా యంత్రంలో అలా మిగిలినవి పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే చిన్న సాధనం, ఒక స్కానర్ ప్రోగ్రామ్. స్కానర్‌ది పోయినా ఫోన్‌తో గడుస్తుంది. మార్పిడి సాధనం పోకముందే పాత పుస్తకాల ఫైళ్లన్నీ మార్చి పెట్టుకోవాలని, ఆషాఢంలో పెండ్లి పత్రికల గిరాకి తగ్గినప్పుడల్లా ఆ పనే చేస్తున్నాను.

ఆపిల్ 2024 మార్చిలో ఎం3 ఎయిర్ తెచ్చినప్పుడు ఎం1 ఎయిర్ అమ్మకం ఆపేసింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి నా మాట: పుస్తకాలు, పత్రికలు యూనికోడ్‌లో కంపోజ్ చేసేవారైతే 16 జీబీది దొరికితే తీసుకోండి, బ్యాటరీ సామర్థ్యం 80 శాతం దిగువకు పడిందేమో సెట్టింగుల్లో చూసుకోండి. పని అంతా పేజ్‌మేకర్ మీద, డాంగిల్ మీద, కటింగ్ ప్లాటర్ మీద నడిచే దుకాణమైతే ఈ యంత్రం మీకోసం చేసింది కాదు, ఆ డబ్బుతో మంచి విండోస్ డెస్క్‌టాప్, దానికి గట్టి యూపీఎస్ వస్తాయి.